పూలదారం చూపించిన దారి

కోవిల్‌పట్టిలో బండి కదిలింది. తూత్తుకుడి నుంచి మైసూరు పోయే రైలు, మీది కిటికీ పక్క సీటు. బయట నల్లరేగడి చేలమీద పొద్దు వాలుతోంది. ఎదురుగా అవ్వ ఒళ్లో మల్లెలు పోసుకుని దండ కడుతోంది. మీ చెల్లెలు శాన్‌ఫ్రాన్సిస్కోలో విమానం ఎక్కేసింది. రేపు బెంగళూరులో దిగుతుంది.

"ఏరా, అది ఎంత దూరం ఎగరాల?" అంటుంది అవ్వ.

ఫోన్ తీయండి. ముందు చిన్న లెక్క. కోవిల్‌పట్టి ఉత్తర అక్షాంశం 9.17 డిగ్రీలు. సాత్తూరు దాటి విరుదునగర్‌లో ఆగాక మళ్లీ చూడండి, 9.57. తేడా 0.4. అక్షాంశం ఒక్క డిగ్రీకి దాదాపు 111 కిలోమీటర్లు, అంటే 44. ఊరు కాస్త తూర్పుకు జరిగి ఉంది కనక 45 అనుకోండి. పట్టాల వంపులతో బండి ఇంకాస్త ఎక్కువే నడిచింది.

ఇదే లెక్క అమెరికాకు వేస్తే దెబ్బతింటారు. గోడ మీది పటం మనకు చేసిన అన్యాయం అది. భూమి అక్కడ బల్లపరుపు. పిల్లలకని కొన్న గ్లోబు సంచిలో ఉందిగా, తీయండి. అవ్వనడిగి పూలదారం ఓ జానెడు తెంపుకోండి. ఒక కొస శాన్‌ఫ్రాన్సిస్కో మీద, రెండో కొస బెంగళూరు మీద పెట్టి బిగించండి.

దారం పైకి జారుతుంది. అలాస్కా. సైబీరియా. టిబెట్. నేపాల్. అదే అన్నిటికంటే దగ్గరి దారి, సుమారు 13,990 కిలోమీటర్లు. నేరుగా ఉత్తర ధ్రువం మీంచి పోతే? ఇది నోటితో వేయొచ్చు. ధ్రువం 90 డిగ్రీలు. శాన్‌ఫ్రాన్సిస్కో 37.6, అక్కణ్నించి ధ్రువానికి 52.4. బెంగళూరు 13.2, ధ్రువం నుంచి 76.8. మొత్తం 129.2 డిగ్రీలు. దాదాపు 14,360 కిలోమీటర్లు. ఇంత చుట్టు తిరిగినా 370 మాత్రమే ఎక్కువ!

మరి దారం చెప్పిన దారినే ఎందుకు పోరు? కాక్‌పిట్‌లోకి రండి.

మీ కింద టిబెట్. చీకటి. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోయిందనుకోండి. ఆక్సిజన్ మాస్కులు కిందికి దిగాయి. అవి ఎంతోసేపు రావు. ఊపిరాడాలంటే 10,000 అడుగులకు దిగాలి. కింద నేలే అంతకంటే ఎత్తు. ఎక్కడికి దిగుతారు?

సరే, ధ్రువం వైపు తిప్పారు. బయట మైనస్ 60 దగ్గర. రెక్కల్లోని ఇంధనం చల్లబడుతోంది. అమెరికాలో నింపే జెట్-ఎ మైనస్ 40కి గడ్డకడుతుంది. మీటరు చూడండి. మైనస్ 35. 36. దిక్సూచిని నమ్మలేరు. దగ్గర్లో విమానాశ్రయం లేదు. ఎత్తు తగ్గిస్తారా? వేగం పెంచుతారా? ఎత్తే తగ్గించండి. మైనస్ 36. ఆగింది. మైనస్ 35.

2021 జనవరిలో ఎయిరిండియా బోయింగ్ 777 ఈ ధ్రువం దారినే, ఇంకాస్త చుట్టు తిరిగి, బెంగళూరు చేరింది. కెప్టెన్ జోయా అగర్వాల్‌తో కలిపి నడిపిన నలుగురూ మహిళలే. వాళ్లలో పాపగారి తన్మయి ఒకరు. సుమారు 17 గంటలు, దాదాపు 16,000 కిలోమీటర్లు. దారం కంటే 2,000 ఎక్కువ.

అవ్వకు ఆ 16,000 అంకె చెప్పండి.