సంతకం ఊరికొచ్చిన కథ

జూన్ వచ్చిందంటే మా మండల కేంద్రంలో మీసేవ ముందు చెప్పులు గుమ్మం దాటి రోడ్డెక్కుతాయి. కులం, ఆదాయం, నివాసం. ఈ కాగితాలు లేకపోతే పిల్లవాడికి సీటు దగ్గరా ఇబ్బందే, స్కాలర్‌షిప్ దగ్గరా ఇబ్బందే. నలభై ఏళ్లకు ముందు కాగితం పని పడినవాళ్లు చెప్పులు విడిచింది కరణంగారి అరుగు కింద.

ఆ రోజుల్లో ఊరి భూమంతా ఆయన పెట్టెలో ఉండేది. ఏ సర్వే నంబరు ఎవరి పేరున ఉంది, ఎవరు దున్నుతున్నారు, ఏ పంట వేశారు, అన్నిటికీ ఆయన రాసిన అడంగలే ఆధారం. తెలంగాణలో అదే పట్వారీ రాసే పహాణీ. ఆ కాలమే నయమనే పెద్దలు ఇప్పటికీ కనిపిస్తారు. నేనొప్పుకోను. ఆ అరుగు ఎక్కి కూర్చునేదెవరో, చేతులు కట్టుకుని కింద నిలబడేదెవరో ఊరందరికీ తెలుసు.

1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాలు, మునసబుల వ్యవస్థను ఎత్తేసింది. మరుసటేడు తాలూకాలు పోయి వెయ్యికి పైగా మండలాలు వచ్చాయి. పెత్తనం పోయినందుకు జనం సంతోషించారు. కాకపోతే దాంతోపాటు కాగితం కూడా ఊరు దాటింది. అరుగు దాకా నాలుగడుగులే, మండలాఫీసుకు బస్సెక్కాలి. ఆ పూట కూలి పోతుంది. తీరా వెళ్తే, ‘సారు క్యాంపుకెళ్లారు, రేపు రా’.

రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లు 1998లో వచ్చాయి. ఆ మరుసటేడు హైదరాబాద్ బంజారాహిల్స్‌లో కరెంటు, నీళ్ల బిల్లులు ఒకేచోట కట్టే కేంద్రాన్ని ప్రయోగంగా తెరిచారు. 2001 నాటికి అదే ఈ-సేవ అయింది. గమనించారా? జనం దగ్గర నుంచి సర్కారుకు డబ్బు వెళ్లే దారి ముందు బాగుపడింది. సర్కారు దగ్గర నుంచి జనానికి కాగితం వచ్చే దారికి మరో పదేళ్లు పట్టింది.

ఆ పదేళ్ల మధ్యలో పశ్చిమ గోదావరి ముచ్చట ఒకటుంది. 2002 ప్రాంతంలో అప్పటి కలెక్టర్ సంజయ్ జాజు హయాంలో ఆ జిల్లా పల్లెల్లో ఈ-సేవ కేంద్రాలు పెట్టి, నడిపే బాధ్యత స్వయం సహాయక సంఘాల మహిళలకు అప్పగించారు. పొదుపు లెక్కలు రాసిన చేతులు కీబోర్డు మీదికొచ్చాయి. కౌంటరు వెనక ఉన్నది ఊరి కోడలో, ఆడపడుచో. అడగడానికి భయపడే మనిషి కూడా ‘ఏమ్మా, నా అర్జీ ఏమైంది’ అని నేరుగా అడగగలిగాడు. నన్నడిగితే పల్లెకు కంప్యూటర్ రావడం కన్నా పెద్ద మార్పు ఇదే. కానీ ఆ అమ్మాయి చేతిలో లేనిది ఒకటుంది. సంతకం. అర్జీ తీగ మీద పోయినా, ముద్ర పడాల్సింది మాత్రం మళ్లీ ఆఫీసులోనే.

దేశమంతటా లక్ష కామన్ సర్వీస్ సెంటర్లు పెట్టాలని కేంద్రం 2006లో నిర్ణయించింది. ఈ సంతకం ముడి మాత్రం మన దగ్గర 2011 నవంబర్ 4న చిత్తూరు జిల్లాలో మొదలైన మీసేవతో వీడింది. అప్పటికి ఐటీ శాఖ కార్యదర్శి ఆ జాజుగారే. ఉపాయం చిన్నదే. రికార్డులను ముందే కంప్యూటర్లోకి ఎక్కించి, సరిచూసిన అధికారి వాటి మీద ముందుగానే డిజిటల్ సంతకం పెట్టేస్తాడు. అలాంటి కాగితాలు ‘ఎ’ కేటగిరీ, నిలబడ్డచోటే చేతికొస్తాయి. విచారణ అవసరమైనవి ‘బి’, వాటికి గడువు ఇన్ని రోజులని రాసి ఉంటుంది. కాగితం అసలుదా కాదా అని అనుమానమొస్తే దాని మీది నంబరుతో వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. అయినా మొదట్లో ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూసి, ‘పచ్చ సిరా సంతకమేదీ?’ అని వెనక్కి పంపిన గుమాస్తాలు లేకపోలేదు.

ఆ తర్వాతంతా పరుగే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబర్ 2న, అప్పటి తూర్పు గోదావరి జిల్లా కరప నుంచి, గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. 2025 జనవరిలో ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలు వాట్సాప్‌లోకే వచ్చేశాయి. ఇక కౌంటరుతో పనేముందని పట్నంలో ఉన్నవాళ్లకు అనిపించవచ్చు.

మొన్న అదే మీసేవలో ఒక పెద్దాయన పీఎం కిసాన్ ఈ-కేవైసీ కోసం కూర్చున్నాడు. బొటనవేలు నాలుగుసార్లు పెట్టాడు. మట్టి పనికి గీతలు అరిగిన వేలు, మిషన్‌కు అందలేదు. తుండుతో తుడుచుకుని ఐదోసారి పెట్టినా అంతే.

“ఓటీపీ కొడదాం బాబాయ్. ఆధార్‌కి ఏ నంబరిచ్చావ్?” అంది కౌంటర్లో అమ్మాయి.

“మావోడిది.”

“ఎక్కడుంటాడు?”

“మియాపూర్. డ్యూటీలో ఉంటే ఎత్తడు.”

ఎత్తలేదు. మా వెనక వరుస పెరుగుతోంది, ఎవరో విసుక్కున్నారు. కాసేపటికి అటు నుంచే ఫోనొచ్చింది. పెద్దాయన స్పీకర్ ఆన్ చేసి ఫోన్‌ని అద్దం దగ్గర పెట్టాడు. కొడుకు ఒక్కో అంకె చదువుతుంటే అమ్మాయి కొడుతోంది. నాలుగో అంకె దగ్గర లైన్ కట్టయింది.