డార్ట్‌మూర్ సీసా

ఇంగ్లండునకు నైరృతి దిశను, డెవన్ మండలమున డార్ట్‌మూర్ అను విశాలమైన మెరకబీడు గలదు. అందు క్రాన్‌మియర్ పూల్ అను తావొకటి యున్నది. పేరునకు కొలనేగాని నేడది నీరు నిలువని పల్లము. అచ్చటికి పోవలెనన్న బురదనేలలు దాటి చాలదూరము నడువవలెను. చాగ్‌ఫర్డ్ గ్రామవాసియైన జేమ్స్ పెరట్ యాత్రికులకు దారిచూపుచు, 1854లో అచ్చట ఒక సీసా నుంచెను. శ్రమపడి వచ్చినవారు తమ పేరుగల చీటిని అందులో వేసి పోవుచుండిరి. 1905లో సందర్శకుల పుస్తకము వెలసినది. పిమ్మట, తమ చిరునామా వ్రాసిన కార్డును అచ్చట వదలుటయు, తరువాత వచ్చినవారెవరో దానిని తపాలాలో వేయుటయు ఆచారమైనది. ఆ కార్డు ఎన్నాళ్ళకు ఇల్లు చేరునో! ముచ్చటంతయు ఆ ఎదురుచూపులోనే యున్నది కాబోలు.

ఇట్టి ఆటకు 2000లో ఉపగ్రహముల సాయము దొరకినది. పౌరులు వాడు జి.పి.ఎస్. సంకేతములలో బుద్ధిపూర్వకముగా కలుపుచుండిన తప్పును అమెరికా ప్రభుత్వము ఆ యేటి మే నెల మొదట తొలగించెను. మే 3న డేవ్ అల్మర్ అను నతడు ఆరెగన్ రాష్ట్రమున, బీవర్‌క్రీక్ సమీపమున ఒక బకెట్టును దాచి, దాని అక్షాంశ రేఖాంశములను ప్రకటించెను. కొలది దినములలోనే దానిని కనుగొనిరి. జియోకాషింగ్ అట్లు పుట్టినది. ఆ బకెట్టున్న చోట తరువాత స్మారకఫలకము నెలకొల్పిరి.

పెట్టెలో దొరకునది సంతకాల పుస్తకము, కొన్ని చిల్లర వస్తువులు. వానిపై మాకంత మోజు లేదు. అయితే కొన్ని పెట్టెల జాడ నేరుగా చెప్పరు. స్మారకశిలపైని సంవత్సరమును, వంతెన కమానుల సంఖ్యను చూచి, లెక్కకట్టి, ఆ అంకెలు సాధింపవలెను. నిత్యము ఆ శిల ప్రక్కనే నడచినవాడును అప్పుడు దానిని అక్షరమక్షరము చదువును.

డార్ట్‌మూర్‌లోనే మెరివేల్ వద్ద కంచుయుగపు రాతివరుసలున్నవి. టావిస్టాక్ పట్టణమునకు ప్లేగు సోకినపుడు గ్రామస్థులు ఆహారమును ఇచట ఉంచి తొలగిపోగా, పట్టణవాసులు వచ్చి తీసికొనిరని ప్రతీతి. అందుచే దీనిని ప్లేగు అంగడి యనిరి. ఈ కథను ఇంట చదువుట వేరు. ఆ రాళ్ళ నడుమ నిలిచి, ఆకలిగొన్న మనిషి ఊరినుండి ఎంతదూరము నడచెనో కంటితో కొలుచుట వేరు.

ఇందు ప్రమాదమును గలదు. దాచువాడు ఒక రాతిని కదిపిన, వెదకువారు పది రాళ్ళను కదుపుదురు. వేలయేండ్లు నిలిచినది ఒక్క ఆదివారమున చెడవచ్చును. కనుకనే డార్ట్‌మూర్ పెట్టెలవారు రాతివరుసలందును, ప్రాచీన కట్టడములందును పెట్టె నుంచరాదని నియమము చేసికొనిరి. భూశాస్త్ర విషయములకై 2004లో ఆరంభమైన ఎర్త్‌కాష్ పద్ధతిలో పెట్టెయే యుండదు. వచ్చినవారు అచటి శిలలను పరిశీలించి ప్రశ్నలకు సమాధానములు పంపవలెను. చరిత్రస్థలములకును ఈ మార్గమే మేలని మా అభిప్రాయము. మెరివేల్‌లో రాళ్ళెన్ని, వరుసలు ఏ దిక్కునకు సాగినవి అని అడిగినచో చాలును. లెక్కించుటకు వానిని ముట్టుకొనవలసిన పనిలేదు.