శిఖరాలపై చిక్కుకొన్న సాలీడు

అమెరికాలో మిసిసిపీ నదికి తూర్పున ఉన్న కొండలన్నిటిలోకి ఎత్తయినది మిచెల్ శిఖరం. ఎత్తు 2,037 మీటర్లు. 1923 లో అక్కడ దొరికిన ఒక చిన్న సాలీడును క్రాస్బీ, బిషప్ అనే శాస్త్రజ్ఞులు 1925 లో వర్ణించి, దానికి మైక్రోహెక్సూరా మాంటివాగా అని పేరు పెట్టారు.

సాలెపురుగు అంటామే గాని ఇది కీటకం కాదు, కాళ్ళు ఎనిమిది. ఈ జీవి పొడవు 4 మిల్లీమీటర్లకు మించదు. అయినా అరచేయంత ఉండే టరాంట్యులా సాలీళ్ళకు ఇది బంధువే. మామూలు సాలీళ్ళ కోరలు పట్టకారువలె ఎదురెదురుగా కలుసుకొంటవి. వీటి కోరలు మాత్రం గునపం దించినట్లు పైనుండి క్రిందికి దిగుతవి.

సుమారు 1,650 మీటర్లకు పైన, స్ప్రూస్, ఫ్రేజర్ ఫర్ చెట్ల నీడలో, బండరాళ్ళను పట్టి పెరిగే మాస్ పొరలే దీని నివాసం. మాస్‌కూ రాతికీ నడుమ సన్నని గొట్టంవంటి గూడు అల్లుకొంటుంది. పొర ఎండితే బతకదు; నీరు నిలిచినా పనికిరాదు. జూన్‌లో పెట్టే గ్రుడ్లు ఏడు నుండి తొమ్మిది మాత్రమే.

మరి ఇంత సుకుమారమైన జీవి, లోయలు అడ్డుగా ఉన్న వేరు వేరు శిఖరాలకు ఎట్లా చేరింది? మంచుయుగంలో చలి చెట్లయిన స్ప్రూస్, ఫర్ అడవులు క్రింది నేలలలో కూడా వ్యాపించి ఉండేవి. వాతావరణం వేడెక్కినకొద్దీ అవి పైకి జరిగి, చివరకు శిఖరాలమీద దీవులవలె మిగిలినవి. సాలీడు చేరలేదు, చిక్కుకొన్నది అనడమే సబబు. ఈ ప్రజాతిలోని రెండవ జాతి సుమారు 3,000 కిలోమీటర్ల అవతల, ఐడహో ప్రాంతపు తేమ అడవులలో ఉన్నది!

1957 లో మిచెల్ శిఖరంపై కొత్త శత్రువు కనిపించింది. ఐరోపానుండి వచ్చిన ఒక పేనువంటి కీటకమది. తెల్లని దూదివంటి మైనం కప్పుకొని ఫర్ బెరడును పీలుస్తుంది. దాని లాలాజలం వలన కలప వికృతమై, నీరు పైకెక్కక, పెద్ద చెట్లు కొద్ది ఏండ్లలోనే చస్తవి. సాలీడును అది ముట్టనైనా ముట్టదు. కాని చెట్టు పోతే నీడ పోతుంది, ఎండ తగిలి మాస్ ఎండుతుంది.

1995 లో అమెరికా ప్రభుత్వం ఈ సాలీడును అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చింది. మిచెల్ శిఖరంపై ఇది నశించిందనే అప్పుడు భావించారు. తరువాత ఓపికగా మాస్ పొరలు ఎత్తి చూడగా వర్జీనియాలోని వైట్‌టాప్ వంటి కొత్త తావులు బయటపడినవి. చచ్చిన ఫర్ చెట్ల చోట మొక్కలు లేచి మళ్ళీ నీడ పట్టినవి. లేత బెరడుపై ఆ కీటకం అంతగా నిలవదు. చెట్టు ముదిరి బెరడు గరుకు బారినప్పుడు మాత్రం అది తిరిగి వస్తుంది.