బోలు నరం: అరబ్బీ వైద్యులు, నాడీ మండలం

తెలుగులో నరం అనే మాట ఒకే అర్థానికి కట్టుబడి ఉండదు. చేతిమీద ఉబ్బి కనబడే రక్తనాళాన్నీ నరమంటారు, మడమ వెనుక బిగిసి ఉండే స్నాయువునూ నరమంటారు, మెదడు నుండి ఒళ్లంతా పాకి స్పర్శను మోసేదాన్నీ నరమనే అంటారు. ప్రాచీన గ్రీకులకూ ఈ చిక్కు తప్పలేదు. వారి 'న్యూరాన్' మొదట స్నాయువు, వింటినారి. అరబ్బీలోని 'అసబ్' కూడా జనవ్యవహారంలో అటువంటిదే. ఇబ్నె సీనా తన 'అల్ ఖానూన్'లో అవయవాలను వివరిస్తూ అసబ్ (నాడి), వతర్ (స్నాయువు), రిబాత్ (ఎముకలను కట్టి ఉంచే బంధం) అని మూడింటిని విడదీసి చెప్పడం కేవలం పదాల పట్టింపు కాదు. పేరు స్థిరపడనిదే శాస్త్రం అడుగు వేయలేదు.

అరబ్బులకు ఈ విద్య ప్రధానంగా జాలీనూస్ (గాలెన్, క్రీ.శ. 129 – సుమారు 216) నుండి వచ్చింది. తెలివికీ స్పర్శకూ స్థానం గుండె అని అరిస్తూ చెప్పగా, అది మెదడేనని జాలీనూస్ జంతువుల మీద కోసి చూపాడు. పంది గొంతుకు వెళ్లే సన్నని నాడిని దారంతో బిగిస్తే దాని అరుపు ఆగిపోయేది. ఆయన వ్రాసిన ఒక రోగి వృత్తాంతం మరీ ప్రసిద్ధం. సిరియాకు చెందిన ఒక పండితుడు బండి మీద నుండి పడ్డాడు. చిటికెన వ్రేలు, ఉంగరపు వ్రేలు, మధ్య వ్రేలిలో సగం స్పర్శ కోల్పోయాయి. వైద్యులు వ్రేళ్లకే మందులు పూస్తూ వచ్చారు. జాలీనూస్ మాత్రం పడినప్పుడు దెబ్బ ఎక్కడ తగిలిందని అడిగాడు. మెడ దిగువన వెన్నులో అని తెలుసుకొని అక్కడ వైద్యం చేశాడు. రోగి కోలుకొన్నాడు. నొప్పి ఒకచోట, మూలం మరొకచోట అనే ఈ పాఠం హునైన్ బిన్ ఇస్‌హాఖ్ (హి. 194–260, క్రీ.శ. 809–873) చేతి మీదుగా అరబ్బీకి చేరింది. హీరాకు చెందిన ఈ క్రైస్తవ పండితుడు బాగ్దాదులో జాలీనూస్ గ్రంథాలను అనువదించడమే కాక, కంటిపై పది ప్రకరణాల గ్రంథం కూడా రచించాడు. ముస్లిముల వైద్యచరిత్ర చెప్పేటప్పుడు ఆయన పేరును కొందరు త్వరగా దాటిపోతారు. అది న్యాయం కాదు.

అబూబకర్ అర్‌రాజీ (హి. 251–313, క్రీ.శ. 865–925) ఈ విద్యను క్రమంలో పెట్టాడు. తల నుండి వెలువడే నాడులు ఏడు జతలు, వెన్ను నుండి వెలువడేవి 31 జతలు అని లెక్క చెప్పాడు. మెడలో 8, వీపులో 12, నడుములో 5, త్రికంలో 3, దాని క్రింద 3. నేటి వైద్యశాస్త్రం కూడా వెన్నునాడులు 31 జతలనే అంటుంది, అయితే చివరి రెండింటిని 5, 1గా పంచుతుంది. తలనాడులు మాత్రం ఏడు కాదు, పన్నెండు జతలు. ఈ లెక్క ఐరోపాలో 1778లో గాని స్థిరపడలేదు. తాను గురువుగా భావించిన జాలీనూస్ మీదనే సందేహాల గ్రంథం వ్రాసిన సాహసి కూడా రాజీయే.

ఇక బోలు నరం సంగతి. మెదడులో పుట్టే 'రూహె నఫ్సానీ' అనే సూక్ష్మ పదార్థం నాడుల వెంట ప్రవహించి చలనాన్నీ స్పర్శనూ కలిగిస్తుందని జాలీనూస్ సిద్ధాంతం. అది ప్రవహించాలంటే దారి ఉండాలి కనుక, కంటినాడి లోపల బోలుగా ఉంటుందని చెప్పాడు. హునైన్ దానినే వ్రాశాడు, ఇబ్నె సీనా (హి. 370–428, క్రీ.శ. 980–1037) దానినే వ్రాశాడు. తెలివికి ఆది మూలం గుండె అనే అరిస్తూ మాటను తత్త్వవేత్తగా ఇబ్నె సీనా నిలబెట్టాడు. వైద్యుడు మాత్రం మెదడునే స్థానంగా తీసుకొని పని చేస్తే చాలునని, ఆ వాదం తేల్చడం అతని బాధ్యత కాదని అన్నాడు. ఈ రాజీ రోగికి మేలు చేసిందేమో గాని, ప్రశ్నను మూసివేసింది.

ఇబ్నుల్ హైతం (హి. 354 – సుమారు 430, క్రీ.శ. 965 – సుమారు 1040) వైద్యుడు కాదు, గణితజ్ఞుడు. కళ్లు రెండు ఉండగా వస్తువు ఒకటిగా ఎందుకు కనబడుతుంది అన్నదే 'కితాబుల్ మనాజిర్' మూడవ భాగంలో ఆయనను పట్టి పీడించిన ప్రశ్న. ఆయన మూర ప్రమాణం గల సన్నని పలక ఒకటి తీసుకొన్నాడు. ముక్కు ఆనేందుకు ఒక చివర నొక్కు కోసి, పలక మీద వేరు వేరు రంగుల గీతలు గీసి, మైనపు కడ్డీలు నిలబెట్టాడు. మధ్య కడ్డీని రెండు కళ్లతో నిలకడగా చూస్తే అది ఒక్కటిగా కనబడుతుంది. అదే వరుసలో ముందూ వెనుకా ఉన్నవి రెండేసిగా కనబడతాయి. ఎవరైనా ఇంట్లో చేసి చూడదగిన పరీక్ష ఇది. దీని మీద ఆయన కట్టిన సిద్ధాంతం ఏమంటే, రెండు కళ్లలోని రూపాలు రెండు నాడుల వెంట సాగి, అవి కలిసే చోట ఒకటవుతాయి, చూపు పూర్తయ్యేది మెదడు ముంగిట. చూపు కంటితో ముగియదన్న మాట ఎంతో ముందడుగు. కాని నాడి బోలు అన్న సంగతిని ఆయన తానుగా కోసి చూడలేదు. శరీర నిర్మాణానికి సంబంధించినదంతా ఆ శాస్త్రజ్ఞుల గ్రంథాలలో ఉన్నదేనని తానే చెప్పాడు. కాంతి విషయంలో ఎవరి మాటనూ నమ్మని మనిషి, నరం విషయంలో పుస్తకాన్ని నమ్మాడు.

కంటినాడిలో దారి కనబడలేదని 1543లో వెసాలియస్ వ్రాశాడు. రెండు నాడులు కలిసే చోట సగం పోగులు అటునిటు దాటుతాయని, రెండు రూపాలూ ఏకమయ్యేది తల వెనుక భాగపు మెదడులో అని నేడు తెలుసు. ఎద్దు మెదడు అడుగున కనబడే రక్తనాళాల వల మనిషికీ ఉందని జాలీనూస్ చెప్పగా, అది కూడా ఇబ్నె సీనా పుటలలో నిలిచిపోయింది. మనిషికి అటువంటిది లేదు.

కనుక అరబ్బులు అన్నీ ముందే కనుగొన్నారనే వ్రాతలు ఎంత తప్పో, వారు గ్రీకుల తపాలా బంట్రోతులు మాత్రమే అనే వ్రాతలూ అంతే తప్పు. అబ్దుల్ లతీఫ్ బాగ్దాదీ (1162–1231) ఈజిప్టు కరువు నాళ్లలో గుట్టలుగా పడి ఉన్న అస్థిపంజరాలను పరిశీలించాడు. జాలీనూస్ రెండంటున్న క్రింది దవడ ఎముక నిజానికి ఒకటేనని, గ్రంథం కంటే కన్నే నమ్మదగినదని నిస్సంకోచంగా వ్రాశాడు. అదే చూపు నరం మీదకూ మళ్లి ఉంటే!

ఎముక కరువులో బయటపడుతుంది. నరం అలా కాదు, మృతదేహంలో త్వరగా నశిస్తుంది. తొందరగా, ఓపికగా కోసేవారికే అది దొరుకుతుంది. షీరాజుకు చెందిన మన్సూర్ బిన్ ఇల్యాస్ తైమూరు మనుమడు పీర్ ముహమ్మద్‌కు అంకితం చేసిన పారసీ గ్రంథంలో నాడీ మండలం పటం ఉంది. గొంతుకూర్చున్న మనిషిని వెనుక నుండి చూపి, తలను పూర్తిగా వెనక్కి వంచి, నోరు పుట పైభాగానికి వచ్చేలా చిత్రించారు. వెన్ను నుండి జతలు జతలుగా నాడులు రెండు వైపులా సాగుతాయి. బొమ్మలో పొరపాట్లు లేకపోలేదు. అయినా మనిషి నాడులను నిలువెత్తున ఒక్క పుటలో చూపాలనే ఆలోచన గొప్పది.

ఈ గ్రంథాలలో కొన్నిటికి అచ్చు రూపం లభించింది హైదరాబాదులోనే. 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్, ఇబ్నుల్ హైతం గ్రంథంపై కమాలుద్దీన్ ఫారిసీ వ్యాఖ్యను 1928–30 మధ్య ప్రచురించింది. రాజీ 'అల్ హావీ'ని 1955 నుండి భాగాలుగా వెలువరించింది. దాని మొదటి భాగం తల వ్యాధులది, రెండవది కంటిది. పక్షవాతం, మూర్ఛల గురించి వెయ్యేళ్లనాటి హకీం చేర్చిన గమనికలను చదవగోరే అరబ్బీ పండితుడు, కైరోలో ఉన్నా ఇస్తాంబులులో ఉన్నా, ముసీ ఒడ్డున అచ్చయిన ఆ సంపుటాలనే తెరుస్తూ వచ్చాడు.