ఈ-మెయిళ్లలో తెలుగు పాఠాంతరాలు: ఒక చారిత్రక పరిశీలన

తాళపత్ర ప్రతుల్లోని పాఠాంతరాలకు లేఖకుని అనవధానత, పత్రాల శిథిలత, ప్రాంతీయ ఉచ్చారణ వంటి కారణాలను పరిష్కర్తలు చూపుతారు. ఈ-మెయిల్ విషయంలో రాసినవారు ఏ పొరపాటూ చేయకపోయినా పాఠం మారిపోతుంది. పంపినవారి తెరపై తెలుగుగా ఉన్నది అందుకున్నవారి తెరపై అర్థంలేని గుర్తుల వరుసగా కనిపిస్తుంది. సాహిత్యచరిత్రకు లేఖలు ప్రధాన ఆధారాలు. కనుక ఈ వైరుధ్యం ఎలా పుట్టిందో, అందులో ఎంత భాగం పరిష్కరించదగినదో పరిశోధకులు తెలుసుకోవలసి ఉంది.

1982 ఆగస్టులో వెలువడిన రెండు ప్రమాణపత్రాలు దీనికి మూలం. ఉత్తరాన్ని చేరవేసే పద్ధతిని జాన్ పోస్టెల్, ఉత్తరపు స్వరూపాన్ని డేవిడ్ క్రాకర్ వాటిలో నిర్దేశించారు. రెండూ 7 బిట్ల ఆస్కీ సంకేతాలనే, అంటే 128 గుర్తులనే అనుమతించాయి. ఫ్రెంచి, జర్మన్ భాషల ప్రత్యేకాక్షరాలకు సైతం అందులో చోటు లేదు. 8వ బిట్‌ను వాడి రాస్తే దారిలోని ఏ యంత్రమైనా దాన్ని తొలగించవచ్చు. కాబట్టి తెలుగు లిపి సంక్లిష్టతే ఇబ్బందికి కారణమనే అభిప్రాయం సగమే నిజం. ఒత్తులు, గుణింతాల కూర్పు తెర మీద ఎదురయ్యే సమస్య. ఉత్తరం అక్కడికి చేరకముందే చెడిపోతోంది.

ఈ పరిమితిని తొలుత సమర్థంగా దాటినవారు ప్రవాసాంధ్ర విద్యార్థులు. 1990ల తొలినాళ్లలో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన లిప్యంతరీకరణ పద్ధతి (ఆర్.టి.ఎస్.) కీలుపలకపై ఉన్న ఆంగ్లాక్షరాలనే వాడుకొంది. నకార ణకారాలను, లకార ళకారాలను చిన్న, పెద్ద అక్షరాలతో వేరుచేసింది. చూపులకు ఇంపుగా లేకున్నా, ఆ పాఠం ఏ మెయిల్ ప్రోగ్రాంలోనైనా ఒకేలా నిలిచింది. తెలుగును రోమన్ లిపిలో రాయడం భాషాభిమాన లోపమన్న విమర్శ ఈ సాంకేతిక నేపథ్యాన్ని విస్మరిస్తుంది. అదే దశాబ్దంలో సొంత ఫాంట్లతో తెలుగు లిపిలోనే పంపిన ఉత్తరాల కంటే ఆర్.టి.ఎస్. ఉత్తరాలే నేడు సులభంగా చదవగలిగేవి. ఫాంటుకొక అక్షరక్రమం ఉండేది; ఆ ఫాంటు లేని యంత్రంలో ఉత్తరం మూగబోయేది.

1992 జూన్‌లో నథానియెల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ ప్రతిపాదించిన మైమ్ ప్రమాణం ఉత్తరం ఏ వర్ణక్రమంలో ఉందో శీర్షభాగంలో ప్రకటించే వీలు కల్పించింది. 8 బిట్ల పాఠాన్ని 7 బిట్ల దారిలో పంపే మార్గాలనూ చూపింది. 1991లో యూనికోడ్ తొలి సంచికలోనే తెలుగుకు స్థానం లభించింది. ఈ రెండూ కలిసినప్పుడు ఏం జరుగుతుందో ‘తెలుగు’ అనే మాటతో చూడవచ్చు. గుణింతపు గుర్తులతో కలిపి అందులో 6 సంకేతాలు. యూటీఎఫ్-8లో 18 బైట్లు. మైమ్ పద్ధతుల్లో ఒకటైన కోటెడ్-ప్రింటబుల్ రూపంలో 54 అక్షరాలు. అందుకున్న ప్రోగ్రాం మైమ్‌ను ఎరుగకపోతే ఆ 54 అక్షరాలే తెరపై పరచుకుంటాయి. మైమ్ తెలిసినా వర్ణక్రమాన్ని పశ్చిమ యూరోపు భాషలదిగా భావిస్తే, నెత్తిన ఏటవాలు గీత ఉన్న రోమన్ ‘ఎ’ మాటిమాటికీ దర్శనమిస్తుంది. తెలుగు సంకేతాలన్నిటికీ మొదటి బైటు ఒకటే కావడం ఇందుకు కారణం.

పద్యాలకు మరో చిక్కు ఉంది. సాదాపాఠాన్ని పంపే ప్రోగ్రాములు చాలావరకు 70–80 అక్షరాల మధ్య పంక్తిని విరిచేవి. రోమన్‌లో రాసిన సీసపాదం ఆ హద్దును తేలికగా దాటగలదు. జవాబులో పంక్తి మొదట ఉదాహరణచిహ్నం చేరినకొద్దీ విరుపులు పెరుగుతాయి. అలాంటి ప్రతిలో పాదవిభజనను కవి ఉద్దేశంగా గ్రహించరాదు. యతిస్థానం, ప్రాసాక్షరం ఆధారంగా పునర్నిర్మించుకోవాలి.

చెడిన ఉత్తరాలన్నీ ఒక కోవకు చెందవు. వర్ణక్రమాన్ని తప్పుగా గ్రహించడం వల్ల వికృతంగా కనిపించే ఉత్తరంలో మూలబైట్లు భద్రంగానే ఉంటాయి. సరైన వర్ణక్రమంతో తెరిస్తే పాఠం దొరుకుతుంది. తెలియని అక్షరం స్థానంలో ప్రోగ్రాం ప్రశ్నార్థకాన్ని ఉంచి భద్రపరిచిన ఉత్తరంలో మూలం పోయినట్లే. కాగితంపై ముద్రించి దాచిన ప్రతి ఈ భేదాన్ని చూపలేదు: శీర్షభాగంలోని వర్ణక్రమ ప్రకటన అందులో సాధారణంగా ఉండదు. రచయితల ఈ-మెయిళ్లను సేకరించే గ్రంథాలయాలు ముద్రితప్రతితో తృప్తిపడక, శీర్షభాగంతో సహా మూలఫైలును స్వీకరించాలి. ఫాంటు ఆధారిత ఉత్తరమైతే ఆ ఫాంటు ఫైలును కూడా దానితోపాటే భద్రపరచాలి.