పుదుచ్చేరి గవ్వల గణితం

అరియాంకుప్పానికి ఉత్తరాన, ఏటికి ఆవల ఉన్న పుదుచ్చేరి పట్టణంలో పూర్వపు తమిళ పంచాంగకర్తలు గ్రహణాలను లెక్కగట్టిన తీరు, ఒకసారి శ్రమించి సాధించిన ఫలితాన్ని దాచుకొని పలుమార్లు వాడుకునే విద్యకు మేలైన ఉదాహరణ. శుక్రుడు సూర్యబింబాన్ని దాటడం చూడడానికి 1768లో ఇక్కడికి చేరిన ఫ్రెంచి ఖగోళవేత్త లె జాంటిల్, 1769 జూన్ 4 ఉదయం మబ్బుల వల్ల ఆ దృశ్యాన్ని కోల్పోయినా, గవ్వలు పేర్చి చేసే ఈ గణితాన్ని శ్రద్ధగా నేర్చి గ్రంథస్థం చేశాడు. 1765 ఆగస్టు 30 నాటి చంద్రగ్రహణ వ్యవధిని స్థానిక లెక్క 41 సెకన్లు తగ్గించి చూపగా, ఐరోపాలో పేరుపొందిన మేయర్ చంద్రగమన పట్టికలు 68 సెకన్లు హెచ్చించి చూపాయి.

ఈ గణితానికి ఆధారం చంద్రవాక్యాలు. చంద్రుడు ఉచ్చ నుంచి, అంటే భూమికి అత్యంత దూరంగా ఉండే బిందువు నుంచి, బయలుదేరి తిరిగి అక్కడికి చేరడానికి సుమారు 27.55 రోజులు పడుతుంది. అటువంటి 9 ఆవృత్తులు దాదాపు 248 రోజులకు సమానం కనుక, పూర్వులు ఆ రోజులన్నిటికీ చంద్రుని స్థానాన్ని ముందే గణించి, అక్షరాలకు అంకెల విలువనిచ్చే కటపయాది పద్ధతిలో రోజుకొక చిన్న వాక్యంగా కూర్చారు. గణకుడు అహర్గణం నుంచి, అనగా కలియుగాది మొదలు గడచిన దినసంఖ్య నుంచి, ఒక నిర్ణీత సంఖ్యను తీసివేసి, మిగిలినదాన్ని వరుసగా 12,372, 3,031, 248లతో భాగించి, చివరి శేషానికి చెందిన వాక్యాన్ని స్మరించి, పూర్తయిన ఆవృత్తులకు తగిన విలువలను కలిపేవాడు.

1825 నాటి గ్రహణాన్ని పుదుచ్చేరి పంచాంగకర్త ఒకరు ఇలాగే గవ్వలతో గణించగా జాన్ వారెన్ భారతీయ కాలగణనపై రాసిన తన ‘కాలసంకలిత’ గ్రంథంలో నమోదు చేశాడు. ఆ గణకునికి సిద్ధాంతం తెలియదని వారెన్ రాశాడు గాని, దాన్ని లోపంగా ఎంచడం న్యాయం కాదు. తెలిసినవారి శ్రమను తెలియనివారికీ అందించడమే వాక్యాల ప్రయోజనం.

నేటి ప్రోగ్రామర్లు క్యాషింగ్ అనేది ఇదే. వెయ్యి వరుసలు, వెయ్యి నిలువు వరుసలు గల మాత్రికకు విలోమాన్ని కనుగొనడానికి 100 కోట్ల స్థాయిలో గుణకారాలు కావాలి కనుక, ఫలితాన్ని ఒకసారి దాచి, మాత్రికలో ఒక్క సంఖ్య మారినా దాన్ని పారవేసి మళ్లీ గణిస్తారు. ఆకాశం విషయంలో మాత్రం దాచిన విలువలకూ వాస్తవానికీ మధ్య తేడా ఏళ్ల తరబడి మెల్లగా పేరుకుంటుంది. 1825 లెక్కలో గ్రహణారంభ సమయం సుమారు 4 నిమిషాలే తప్పగా, ముగింపు సమయం 52 నిమిషాలు తప్పింది. కేరళలో సంగమగ్రామ మాధవుడు అంతకు శతాబ్దాల ముందే చంద్రవాక్యాలను వికలల (కోణపు సెకన్ల) వరకు సూక్ష్మంగా మళ్లీ గణించాడు. తమిళ ప్రాంతంలో మాత్రం వాక్య పంచాంగమూ, ప్రత్యక్ష గ్రహస్థితులను అనుసరించే తిరుక్కణిత పంచాంగమూ నేటికీ పక్కపక్కనే వాడుకలో ఉండి, ఒకే తిథికి వేర్వేరు ముగింపు వేళలు చూపుతున్నాయి.