యాత్రాసంస్థయు దాని ఆవర్జాయు

యాత్రలు నడుపు వ్యాపారమున అమ్ముడుపోవునది సరకు కాదు, మాట. కాశీకిని గయకును సొమ్ము ముందుగా చెల్లించిన గృహస్థుని చేతిలో నుండునది ఒక రసీదు మాత్రమే. రైలులో చోటు, సత్రములో గది, మరలివచ్చు టిక్కెట్టు పిదప దక్కవలసినవి. ఆ మాట నిలుచుట సంస్థ వ్రాసికొను లెక్కలపై ఆధారపడి యుండును. చిన్న సంస్థకు యజమాని జ్ఞాపకమే ఆవర్జా. సంస్థ పెరిగినకొలది అది చాలదు. అప్పుడు ఏ సాధనమును ఎన్నుకొనవలెనను ప్రశ్న పుట్టును. నేడు ఆ సాధనమును సాఫ్ట్‌వేర్ అనుచున్నారు. సాధనము క్రొత్తదే గాని ప్రశ్న ప్రాతది. దాని చరిత్రను కొంత పరిశీలింతము.

1841 జూలై 5వ తేదీన థామస్ కుక్ అను ఆంగ్లేయుడు మద్యపాన నిషేధ సభకై లెస్టరు నుండి లఫ్‌బరోకు ప్రత్యేకముగా రైలు నడిపించెను. ప్రయాణికులు రమారమి 500 మంది, రుసుము తలకొక షిల్లింగు. అంతమాత్రపు పనికి చిన్న పుస్తకము చాలును. కాని స్విట్జర్లాండు, ఇటలీ దేశములకు యాత్రలు సాగిన పిదప ఊరికొక హోటలు, దేశమునకొక నాణెము లెక్కకు వచ్చినవి. 1868లో కుక్ హోటలు కూపన్లను ప్రవేశపెట్టెను. యాత్రికుడు వానిని ముందుగా కొని, బసకును భోజనమునకును హోటలువాని కిచ్చును. హోటలువాడు వానిని కుక్ కార్యాలయమునకు పంపి పైకము రాబట్టుకొనును. ఆ కాగితపు ముక్కయే యాత్రికునకు హామీ, హోటలునకు హుండీ, సంస్థకు పద్దు. పని జరిగిన చోటనే లెక్కయు పుట్టుట ఇందలి విశేషము.

కుక్ కుమారుడు జాన్ మేసన్ కుక్ 1871లో భాగస్వామి అయ్యెను. తండ్రి ధర్మకార్యములను వ్యాపారముతో కలుపుట అతనికి సరిపడలేదు. ఇరువురి నడుమ వైమనస్యము పెరిగి, ఆ దశాబ్దము ముగియునప్పటికి తండ్రి వ్యాపారము నుండి తప్పుకొనెను. లెక్కల తగాదా ఇంటి తగాదా యగుట మన కుటుంబ వ్యాపారములయందును కానిది కాదు.

ఇక అమెరికా సంగతి. 1950 ప్రాంతమున అమెరికన్ ఎయిర్‌లైన్స్ వారి కార్యాలయమున, విమానములకు సంబంధించిన చీట్లు నింపిన ఒక తిరుగుడు పెట్టె చుట్టు ఎనమండుగురు గుమాస్తాలు కూర్చుండెడివారు. ఒక్క చోటు ఖాయము చేయుటకు సగటున గంటన్నర పట్టెడిది. 1953లో ఆ సంస్థ అధ్యక్షుడు సి. ఆర్. స్మిత్, ఐ.బి.ఎం. ఉద్యోగి బ్లెయిర్ స్మిత్ ఒకే విమానమున ప్రయాణించుచు మాటలాడుకొనిరి. ఆ సంభాషణ నుండి పుట్టిన సేబర్ అను కంప్యూటరు వ్యవస్థ 1964 నాటికి పూర్తిగా అమలులోనికి వచ్చెను. గంటన్నర పని క్షణములలో ముగిసెను.

ఇంతవరకు అంతయు లాభమే. 1976 నుండి సేబర్ యంత్రములు యాత్రా ఏజెంట్ల బల్లలపైకి వచ్చినవి. ఏజెంటు తెర చూచినప్పుడు సేబర్ యజమానియైన సంస్థ విమానములే ముందు కనబడెడివి. పనితొందరలో నున్నవాడు మొదటి తెర దాటి పోవుట అరుదు. కావున ఆవర్జా ఎవరిదో, బేరము వారిదయ్యెను. పోటీ సంస్థలు మొరపెట్టగా, 1984లో అమెరికా పౌర విమానయాన మండలి ఈ పక్షపాతమును నిషేధించెను. ఆ నియమములును 2004లో తొలగిపోయినవి.

మన దేశమున రైల్వేవారు 1985లో ఢిల్లీలో కంప్యూటరు ద్వారా సీట్ల రిజర్వేషను మొదలిడిరి. తరువాత ఇతర మహానగరములలోను వెలసెను గాని, ఒక నగరపు యంత్రమునకు మరియొక నగరపు లెక్క తెలియదు. పోవు టిక్కెట్టు చేతికి వచ్చినను తిరుగు టిక్కెట్టుకై చింత మిగిలెడిది. 1994లో కాన్సర్ట్ అను క్రొత్త వ్యవస్థ మొట్టమొదట మన సికింద్రాబాదులో నెలకొనెను. 1999 ఏప్రిలు నాటికి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదు కేంద్రములు ఐదును ఒక్క వలగా ముడిపడినవి. యంత్రములు అంతకుముందును ఉన్నవి. అవి ఒకదానితో నొకటి మాటలాడిననాడే ప్రయాణికునకు మేలు కలిగెను.

రెండవ శాఖ తెరవబోవు యాత్రాసంస్థకు ఈ చరిత్ర నుండి మేము చెప్పదలచినది స్వల్పము. వెల, వేగము అందరును అడుగుదురు. అంతకుముందు అడుగవలసినవి వేరు కలవు. టిక్కెట్టు ఇచ్చిన క్షణముననే పద్దు పడునా? ఒక శాఖలో అమ్మిన చోటు రెండవ శాఖకు వెంటనే తెలియునా? యాత్రికుడు ముందిచ్చిన సొమ్ము, యాత్ర ముగియువరకు సంస్థ ఆదాయముతో కలియక వేరుగా కనబడునా? రేపు ఈ సాఫ్ట్‌వేర్‌ను విడువదలచిన, మన లెక్కలు చెక్కుచెదరక మన చేతికి వచ్చునా? యాత్రలు తక్కువగా నుండు మాసములలో ప్రాత చిట్టాను ప్రక్కన నుంచుకొని రెండిటను వ్రాసి చూచినచో సమాధానములు దొరకును. గుమాస్తాను కూడ అడుగవలెను. ప్రతిదినము ఆ తెర ముందు కూర్చుండువాడు అతడే.

సొమ్ము చెల్లించిన గృహస్థు ఈ యంత్రమును ఎన్నడును చూడడు. స్టేషనులో తన పేరు పట్టికలో నున్నదో లేదో మాత్రమే చూచును. ఎన్నిక సరియైనదా కాదా అనునది అక్కడ తేలును.